ముప్పై ఏడో ఫారం

"ముప్పై ఏడో నెంబరు ఎవరు?"

కరిముల్లా అడగడం ఇది నాలుగోసారి. మొదటి మూడుసార్లూ అరిచాడు. ఈసారి మంచినీళ్లు అడిగినంత మామూలుగా అడిగాడు.

ఆఫ్రీన్ చల్లారిపోయిన ఉప్మాలో చెంచా కదుపుతూ కూర్చుంది. అన్న మోకాలి పక్కన చాప మీద మూడు జిరాక్సు కాగితాలు పడి ఉన్నాయి. వాటి మీద ఉన్నది తన చేతిరాతే. పిహెచ్‌డి కోసం ఎనిమిది నెలలపాటు రొయ్యల కంపెనీ గేటు బయటా, ఆడవాళ్ల అద్దెగదుల్లోనూ కూర్చుని నూట ఇరవై మంది చెప్పింది రాసుకుంది. ఆ ఫారాల్లో ఇదొకటి. అది ఉండాల్సింది యూనివర్సిటీలో, గైడు కాశీరావుగారి బీరువాలో. నిన్న సాయంత్రం మాత్రం దాని జిరాక్సు కంపెనీ మేనేజరు బల్ల మీద ఉంది. అక్కణ్ణుంచి, బి షిఫ్టు సూపర్‌వైజరు కరిముల్లా చేతికొచ్చింది.

"సోమవారం పదింటికల్లా పేరు కావాలన్నారు. అప్పటిదాకా ఫ్యాక్టరీకి రావద్దన్నారు. పేరు తేకపోతే సస్పెన్షను. ఇంకెట్టా చెప్పమంటావు నీకు?"

"పేర్లు బయటపెట్టనని వాళ్లకి మాటిచ్చాను భయ్యా."

"వాళ్లకి మాటిచ్చావు. మరి నేనెవర్ని?"

స్టవ్ దగ్గర గిన్నెల చప్పుడు ఆగింది. తల్లి జైతూన్ బీ ఇటు తిరగలేదు. వన్ టౌన్‌లో ఆ రెండు గదుల ఇంట్లో ఎవరేం మాట్లాడినా ముగ్గురికీ వినబడాల్సిందే.

కరిముల్లా మూడో కాగితం తీసి పైకి చదివాడు. చదవడం అతనికి అలవాటు లేని పని. ఒక్కో మాట దగ్గర ఆగుతూ చదివాడు.

"'టోకెను అడిగాను. లైను ఆగుద్ది, కాసేపాగమన్నాడు. మళ్లీ అడిగాను. మూడోసారి కూడా అడిగాను. రెండు గంటలు ఐసు నీళ్లలో నిలబడ్డాను. అప్పుడు నాకు మూడో నెల. గదికి పోయేసరికి చీరంతా నెత్తురుతో తడిసిపోయింది. మర్నాడు డ్యూటీకొచ్చాను. ఎవరికీ చెప్పలేదు.'"

కాగితం కింద పెట్టాడు.

రొయ్యలు వలిచే ఆ హాల్లో బాత్రూముకి వెళ్లాలంటే సూపర్‌వైజరు దగ్గర ప్లాస్టిక్ టోకెను తీసుకోవాలి. షిఫ్టుకి నాలుగే టోకెన్లు. ఒకరు తిరిగొచ్చి ఇస్తేనే ఇంకొకరు కదలాలి. ఈ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. కరిముల్లా ఒకప్పుడు దాన్ని నవ్వుతూ చెప్పేవాడు.

"బి షిఫ్టని రాసుంది. సూపర్‌వైజరని రాసుంది. బి షిఫ్టులో నేను కాక ఇంకెవడున్నాడు?"

ఆఫ్రీన్ చెంచా పక్కన పెట్టింది.

"ఇది నేనేనని నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"జూలై నుంచి."

ఇది అక్టోబరు. కరిముల్లా చెల్లెలి ముఖంలోకి కాసేపు చూశాడు. ఆ ముఖంలో ఏదైనా కనబడితే బాగుండుననిపించింది అతనికి. భయమో, కోపమో, కనీసం సిగ్గో. ఏమీ లేదు.

"మూడు నెలలు నా ఎదురుగా కూచుని అన్నం తిన్నావు."

"తిన్నాను."

నిజమే. ఆ ఫారం రాసిన రోజు సాయంత్రం ఇంటికొచ్చి అన్నకి తనే వడ్డించింది. పులుసు బావుందన్నాడు. ఇంకాస్త వేసింది. అడగాలనుకుంది. రేపు అడుగుదాం అనుకుంది. తర్వాత థీసిస్ నాలుగో చాప్టర్లో 'సూపర్‌వైజర్-బి' అని రాసింది. అలా రాశాక ఆ మనిషి ఎవరో దూరపువాడైపోయాడు. అడగాల్సిన అవసరం కనబడలేదు.

"అది అబద్ధమైతే? నా మీద కక్షతో చెప్పుంటే?"

"అబద్ధం చెప్పే మనిషి కాదు."

"నేను?"

ఆమె తలెత్తలేదు.

"నాకు నాలుగు టోకెన్లిచ్చారు. ఐదోది నేనెక్కణ్ణుంచి తెచ్చేది? లైను ఆగితే పైన అద్దాల గదిలోంచి చూస్తుంటారు. ఎన్ని నిమిషాలాగిందో నా పేరు పక్కన రాస్తారు. పన్నెండేళ్లు ఆ చలిలో నేను నిలబళ్లేదా? నన్నొక్కసారన్నా అడిగావా, నీకెట్టా ఉంది భయ్యా అని? నీ ఫారంలో నాకు గడి లేదా?"

"సూపర్‌వైజర్లు శాంపిల్‌లో లేరు."

ఆ మాట అనేశాకే అది ఎలా ఉందో ఆమె చెవికి తెలిసింది.

కరిముల్లా నవ్వాడు. "విన్నావా అమ్మీ? నేను శాంపిల్‌లో లేనంట."

జైతూన్ బీ స్టవ్ ఆపేసింది.

"ఏ నెంబరు ఎవరిదో ఒక నోటుబుక్కులో రాసుకున్నావుగా. అదెక్కడుంది?" అతను లేచి మూలనున్న ఆఫ్రీన్ పెట్టె వైపు నడిచాడు.

"కరీం. దాని పెట్టె ముట్టుకోకు."

పొద్దుట్నుంచి జైతూన్ బీ మాట్లాడింది అదొక్కటే. అతను ఆగాడు. ఆఫ్రీన్ చున్నీ సర్దుకుని, బ్యాగు భుజాన వేసుకుని బయటికి నడిచింది.

నోటుబుక్కు ఆ పెట్టెలో లేదు. రాత్రే తల్లి పెట్టెలో, అడుగున పాత బురఖాల మధ్య పెట్టింది. వెంట తీసుకెళ్లడానికి ధైర్యం చాలలేదు. కాశీరావుగారు అడిగితే, ఇవ్వనని ఆయన ముఖం మీద చెప్పగలనన్న నమ్మకం ఆమెకి లేదు.

* * *

కాశీరావుగారి గది బయట బెంచీ మీద గంటన్నర కూర్చుంది. లోపల ఆయన ఫోనులో మాట్లాడుతున్నారు. మధ్యలో రెండుసార్లు తలుపు తెరుచుకుంది. రెండుసార్లూ ఆమె లేచి నిలబడింది. ఆయన చేత్తోనే కూర్చోమని సైగ చేశారు. ఆమె కూర్చుంది.

పిలిచేసరికి పన్నెండైంది.

"రామ్మా. టిఫిన్ చేశావా?"

"చేశాను సర్."

"ముఖం పీక్కుపోయిందేంటి? కూర్చో."

ఆయన మంచిగా మాట్లాడతారు. రెండున్నరేళ్లలో ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు.

"సర్, నా ఫారాలు కంపెనీకి ఎట్టా వెళ్లాయి?"

"నేనే ఇచ్చాను." ఆయనేం తడబడలేదు. "మేనేజరుగారు అడిగారు, మావాళ్లేమంటున్నారు మాష్టారూ అని. మచ్చుకి ఒక పది ఇచ్చాను. అదీ మొదటి పేజీ తీసేసే ఇచ్చాను. ఊరు, వయసు, చేరిన సంవత్సరం ఏవీ లేవు. ఆ మాత్రం జాగ్రత్త నాకు తెలీదా?"

"ఎవరికీ చూపించనని వాళ్లకి చెప్పాను సర్."

"గేటు దగ్గర కూర్చోడానికి పర్మిషను ఎవరిప్పించారమ్మా నీకు?"

ఆమె తల దించుకుంది.

"జనవరిలో మన డిపార్టుమెంటులో నేషనల్ సెమినార్ పెడుతున్నాం. పనిచేసే చోట మనిషి క్షేమం మీదే. కంపెనీవాళ్లే ముందుకొచ్చి చేయిస్తున్నారు. అసలు ఈ జిల్లాలో ఇట్టాంటి సబ్జెక్టు మీద ఎవరన్నా పనిచేశారా? నువ్వే మొదలు. ఆ సంగతి నువ్వు గుర్తుపెట్టుకోవాలి."

"ముప్పై ఏడో నెంబరు ఎవరని మా ఇంట్లో అడుగుతున్నారు సర్. మా అన్న అక్కడే పనిచేస్తాడు."

కాశీరావుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఈ సంగతి ఆయనకి కొత్త.

"మీ అన్న అక్కడ పనిచేస్తున్నాడని ఎప్పుడూ చెప్పలేదే?"

"మీరు అడగలేదు సర్."

"అడగాలా?" అన్నారు. మళ్లీ వెంటనే మెత్తబడ్డారు. "సరే. పేరు చెప్పకు. చెప్పమని నేననను. ఆ ఒక్క ఫారం తీసెయ్. ఇన్‌వాలిడ్ అని రాసెయ్. నూట పంతొమ్మిది మిగులుతాయి. యావరేజి రెండో దశాంశంలో కూడా మారదు."

మారదని ఆమెకి తెలుసు. ఫ్లాపీలో ఉన్న ఆ లెక్కలన్నీ తను చేసినవే. ఒకటి నుంచి ఐదు వరకు మార్కులేసే నలభై ప్రశ్నలకి ముప్పై ఏడో నెంబరు దాదాపు ఒకే జవాబు చెప్పింది. పర్వాలేదండి. పైవాళ్లు గౌరవంగా మాట్లాడతారా? పర్వాలేదండి. ఒంట్లో ఎలా ఉంటుంది? పర్వాలేదండి. కంప్యూటరు ఆమెని సంతృప్తిగా ఉన్నవాళ్లలో కలిపింది. 'ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా' అన్న ఆఖరి ప్రశ్న దగ్గర మాత్రం ఆ మనిషి చాలాసేపు ఊరుకుని, అప్పుడు మొదలుపెట్టింది.

"సోమవారం నీ సబ్మిషను మీద సంతకం పెడతాను. అది తీసేసి తీసుకురా."

"సరే సర్."

ఆ మాట దానంతటదే వచ్చింది. ఎన్నోసార్లు అన్న మాటే.

తలుపు దాకా వెళ్లి ఆగింది. "సర్, ఆ ఫారం అసలుది ఇస్తారా? ఇన్‌వాలిడ్ అని రాసి తెస్తాను."

ఆయన సంతోషంగా లేచి బీరువా తాళం తీశారు. తను అబద్ధమాడానని బస్సెక్కాక గాని ఆఫ్రీన్‌కి తోచలేదు.

* * *

నాలుగున్నరకి కంపెనీ బస్సు పటమటలో ఆగింది. ఎ షిఫ్టు ఆడవాళ్లు దిగారు. అందరి జుట్టూ టోపీల కింద అణిగి నుదుటికి అతుక్కుపోయి ఉంది.

పెద్దింట్లమ్మ ఆఖర్న దిగింది. కొల్లేటి దగ్గరి ఊరు ఆమెది. మొగుడు కోటి ఆ సరస్సులో చేపలు పట్టేవాడు. పడవ మీద నుంచి పడి నడుం దెబ్బతిన్నాక ఇద్దరూ ఇక్కడికొచ్చి చిన్న గదిలో ఉంటున్నారు. జూన్‌లో షిఫ్టు మార్పించుకుంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

"ఏంటి మేడమ్, మళ్లీ ప్రశ్నలా?" అని నవ్వింది.

"కాదు పెద్దింట్లమ్మగారూ. టీ తాగుదాం రండి."

గారు అంటే పెద్దింట్లమ్మకి మొదట్లో నవ్వాగేది కాదు. ఇప్పుడు అలవాటైంది. టీ బడ్డీ పక్క అరుగు మీద కూర్చుని గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. వేళ్ల కొనలు తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి. గ్లాసు కాలుతున్నా తీయలేదు. ఆ వేళ్లకి వేడి తెలియడానికి కాసేపు పడుతుంది.

ఆఫ్రీన్ చెప్పాల్సింది వరసగా చెప్పేసింది. ఫారం కంపెనీకి చేరిందని. పేరు లేదని. పేరు కోసం వెతుకుతున్నారని.

"పేరు లేదుగా. మరింకేం?" అంది పెద్దింట్లమ్మ. మళ్లీ కాసేపటికి అంది. "వెతికేది ఎవరు?"

"సూపర్‌వైజరుని కనుక్కోమన్నారు. కరిముల్లాని."

"ఆయన్నా? ఆయనకెట్టా తెలుస్తది?"

ఆఫ్రీన్ గ్లాసు కింద పెట్టింది.

"ఆయన మా అన్న."

పెద్దింట్లమ్మ కదల్లేదు. రోడ్డు మీద ఆటోలు వరసగా హారన్లు కొడుతున్నాయి. టీ కొట్టతను వచ్చి ఖాళీ గ్లాసులు తీసుకుపోతూ ఆమె గ్లాసు వైపు చూసి, ఇంకా నిండుగా ఉందని వదిలేసి వెళ్లాడు.

"సొంత అన్నా?"

"సొంత అన్నే."

"నా గదికొచ్చి, నా మంచం మీద కూచుని, అయ్యన్నీ అడిగినప్పుడు కూడా మీయన్నేగా?"

"అప్పుడు కూడా."

"ఎందుకు చెప్పలా?"

"చెప్తే మీరు మాట్లాడేవారు కాదు."

"అవును. మాట్లాడకపోదును." ఆమె గొంతులో కోపం లేదు. కోపపడితే బాగుండుననుకుంది ఆఫ్రీన్. "కోటికి కూడా చెప్పలేదు నేను ఆ సంగతి. నీకొక్కదానికే చెప్పా. ఎప్పుడన్నా వద్దనుకుంటే నా మాటలు నాకిచ్చేస్తానని చదివావు ఆ రోజు. మొదట్లో."

"అవును. చదివాను."

"ఇచ్చెయ్యి."

ఆఫ్రీన్ బ్యాగులోంచి అసలు ఫారం తీసి ఇచ్చింది. పెద్దింట్లమ్మకి చదువు రాదు. కాగితాలు తిప్పి చూసి మళ్లీ చేతికిచ్చింది.

"నేను చెప్పింది చదువు."

ఆఫ్రీన్ చదివింది. పొద్దున అన్న చదివిన మాటలే. ఆమె గొంతులో అవి ఇంకా త్వరగా అయిపోయాయి.

"ఇంతేనా?"

"ఇంతే."

"చాలాసేపు చెప్పానే."

"రాయడానికి నాలుగు గీతలే ఉన్నాయండీ."

పెద్దింట్లమ్మ కాగితం నాలుగు మడతలు పెట్టి క్యారేజీ సంచిలో దోపుకుంది. టీ తాగకుండానే లేచింది.

"కోటి నడుం కుదురుకునేదాకా ఈ పని ఉండాల నాకు. అంతే. ఇంకేం అక్కర్లేదు. మీయన్నకి చెప్పుకో, చెప్పకపో. నా గదికి మాత్రం ఇంక రాకు."

ఆమె వెళ్తుంటే ఆఫ్రీన్ చూస్తూ నిలబడింది. ఏడుపొస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. బస్సొస్తే ఎక్కింది.

* * *

ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుతురుంది. తలుపు తీసే ఉంది.

జైతూన్ బీ మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఆ నోటుబుక్కు. కింద, ఆమె కాళ్ల దగ్గర కరిముల్లా. ఇల్లంతా వెతికినట్టుంది, పెట్టెల్లోని బట్టలు కుప్పలుగా పడి ఉన్నాయి.

నోటుబుక్కు దొరికింది గాని అందులో పేర్లు అతనికి అక్కరకు రాలేదు. ఆఫ్రీన్ వాటిని ఉర్దూలో రాసుకుంది. తల్లి దగ్గర నేర్చుకున్న చదువు అది. జైతూన్ బీ పాతికేళ్లుగా సందులో పిల్లలకి ఉర్దూ అక్షరాలు దిద్దిస్తోంది. కొడుకు మాత్రం తెలుగు బడికి పోయి, ఆ వైపు చూడలేదు.

"చదువు అమ్మీ. ముప్పై ఏడు. ఒక్క పేరు."

జైతూన్ బీ కళ్లజోడు పెట్టుకుంది. వేలు గీత మీద ఉంది. గుమ్మంలో నిలబడ్డ కూతుర్ని చూసింది. చూసి మళ్లీ కొడుకు వైపు తిరిగింది.

"చదువుతాను. ముందు నువ్వు చెప్పు. ఆవిడ అడుగుతుంటే నువ్వేం చేస్తున్నావు?"

"నాకేం గుర్తుంటది? రోజూ వందమంది అడుగుతారు."

"సరే. గుర్తొచ్చినప్పుడే చదువుతాను."

ఆమె నోటుబుక్కు మూయలేదు. వేలు తీయలేదు. సందులో తోపుడుబండ్లు వెళ్తున్న చప్పుడు. ఎవరో ఎవర్నో పక్కకి తప్పుకోమని అరుస్తున్నారు.

"మూడుసార్లు కాదు," అన్నాడు కరిముల్లా.

అతను నేలవైపు చూస్తున్నాడు.

"నాలుగుసార్లు. నాలుగోసారి నోటితో అడగలా. చెయ్యెత్తింది. బళ్లో పిల్లలెత్తినట్టు. నేను చూశాను. పైన అద్దాల దగ్గర మేనేజరు నిలబడున్నాడు. చూసి అటు తిరిగాను."

"నాలుగు టోకెన్లూ బయటే ఉన్నాయా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"ఒకటి నా జేబులో ఉంది అమ్మీ."

ఆఫ్రీన్ గుమ్మం పట్టుకుంది. ఈ సంగతి ఫారంలో లేదు. ఎవరి ఫారంలోనూ లేదు.

"ఎందుకివ్వలేదు?"

"తెలీదు." అతను అరచేతులు చూసుకున్నాడు. "ఒకటి ఎప్పుడూ ఉంచుకుంటాను. అన్నీ ఇచ్చేస్తే నా దగ్గరేముంటది? ఎవరూ నావైపు చూడరు. అంతే. ఇంకేం లేదు. ఆ మనిషంటే కోపం కూడా లేదు నాకు."

జైతూన్ బీ వేలు గీత మీద నుంచి తీసింది.

"ఇంక పేరు చదవక్కర్లేదు," అన్నాడు కరిముల్లా. "పెద్దింట్లమ్మ. కొల్లేటామె. నిన్న ఆ కాగితం చూసినప్పుడే తెలిసింది."

"తెలిసే పొద్దుట్నుంచి నన్ను అడుగుతున్నావా?" అంది ఆఫ్రీన్.

"నీ నోటితో చెప్తే, చెప్పింది నేను కాదు, నువ్వయ్యేదానివి."

కరిముల్లా లేచి కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నాడు. వంకీకున్న కంపెనీ చొక్కా తీసి తొడుక్కుని, పై గుండీ దాకా పెట్టుకున్నాడు.

"ఎక్కడికి?" అంది తల్లి.

"ఫ్యాక్టరీకి. మేనేజరు ఏడింటిదాకా ఉంటాడు. సోమవారం దాకా ఎందుకు."

"ఏం చెప్తావు భయ్యా?"

అతను చెప్పులేసుకుంటూ ఒక్కక్షణం ఆగాడు. చెల్లెలి వైపు చూడలేదు.

"ఎందుకు? రాసుకుంటావా?"

బయటికి వెళ్లిపోయాడు.

జైతూన్ బీ నోటుబుక్కు మూసి కూతురి చేతిలో పెట్టింది. "ఇందులో ఇంకా చాలామంది ఉన్నారు. నీ దగ్గరే ఉంచుకో," అని, నేల మీది బట్టలు ఒక్కొక్కటే తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది.

ఆఫ్రీన్ గుమ్మంలోకి వచ్చింది. సందు మలుపులో రెండు తోపుడుబండ్లు ఎదురెదురుగా వచ్చి దారి మూసుకుపోయింది. కరిముల్లా వాటి వెనక నిలబడి ఉన్నాడు, తెల్లచొక్కాలో, వీపు ఇటు పెట్టి. ఒక్క కేక వేస్తే వినబడేంత దూరం.

వద్దు భయ్యా అనాలా, వెళ్లు భయ్యా అనాలా. అతను చెప్పబోయేది పెద్దింట్లమ్మ పేరో, జేబులో టోకెను సంగతో తెలిస్తే గదా.

ఆమె నోరు తెరిచింది. ముందున్న బండి పక్కకి జరిగింది.